గొట్టాలు చుట్టేది మనం, వెలిగించేది వాళ్ళు!

కిందటి డిసెంబరులో మా తమ్ముడు అమెరికా నుంచి వచ్చినప్పుడు ఎప్పటిలాగే అందరం వాడి సూట్‌కేసు చుట్టూ మూగాం. మా అత్తగారికి మోకాళ్ళనొప్పుల మాత్రలు, మావారికి షర్టు, నాకు మామూలే... హ్యాండ్‌బ్యాగు. మా అమ్మాయికి జడ క్లిప్పులు, చాక్లెట్లు. మా అబ్బాయికి మాత్రం మూరెడు పొడుగున్న ఒక పాకెట్టు. దాని మీద నిప్పులు కక్కుతూ పైకెళ్ళిపోతున్న రాకెట్ బొమ్మ.

"మోడల్ రాకెట్ కిట్‌రా! మనమే అతికించుకోవాలి. ఉత్త బొమ్మ కాదు, నిజంగానే ఎగురుతుంది. వెయ్యి అడుగులు!" అన్నాడు మా తమ్ముడు గొప్పగా.

పాకెట్టు చింపి చూస్తే ఏమున్నాయంటారు? ఓ అట్ట గొట్టం, ప్లాస్టిక్ ముక్కు ఒకటి, పెళ్ళి బాసికానికి వాడే బెండులా తేలిగ్గా ఉన్న పల్చటి చెక్కపలక, రబ్బరు తాడు, మడతపెట్టిన పారాచూటు, అట్ట రింగులు, సిరాగొట్టమంత సన్నటి స్ట్రా ముక్క, రెండు పేజీల ఇంగ్లీషు కాగితం. అంతే.

"ఇంజినేది మావయ్యా?" అన్నాడు మా వాడు.

"ఇంజిను విమానంలో తేనివ్వర్రా. అందులో మందుంటుంది. ముందు ఇది తయారు చెయ్యి, ఆ సంగతి తర్వాత చూద్దాం."

"ఎగరని రాకెట్ నాకెందుకు?" అని బ్యాటు పుచ్చుకుని వెళ్ళిపోయాడు వాడు. తొమ్మిదో తరగతి. ఆ వయసులో మగపిల్లలకి సాయంత్రం నాలుగున్నర దాటితే ఇంట్లో కాలు నిలవదు కదా! పాకెట్టు ఫ్రిజ్ మీదకెక్కింది. దాని మీద కరెంటు బిల్లూ, దాని మీద ఎవరిదో శుభలేఖా ఎక్కాయి.

వారం రోజుల తర్వాత ఓ మధ్యాహ్నం చూద్దును కదా, మా అమ్మాయి హాల్లో చాప పరిచి ఆ సామానంతా వరసగా పేర్చుకుని కూచుంది. ఆరో తరగతి చదువుతోంది. ఇంగ్లీషు కాగితాన్ని పెదాలతో చదువుకుంటోంది. నేను వెంటనే ఏమన్నానో తెలుసా? "అది అన్నయ్యదే! పాడుచేస్తావు, లోపల పెట్టేయ్" అన్నాను.

ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగానే ఉంది. కానీ ఇది రాయడానికి కూచున్నదే ఆ మాట కోసం కాబట్టి దాచుకోను. పాడుచేస్తుందని నాకెలా తెలుసు? వారం రోజులు ముట్టుకోనివాడిది అదెలా అయింది?

*

నా చిన్నప్పుడు దీపావళికి కోనసీమలో మా తాతగారి ఊరు వెళ్ళేవాళ్ళం. ఆ రోజుల్లో అక్కడ చాలా ఇళ్ళలో మతాబులూ, తారాజువ్వలూ ఇంట్లోనే కట్టేవారు. నెల ముందు నుంచే సందడి. మైదా ఉడకేసి జిగురు కాచేది మా అమ్మమ్మ. పాత నోటుపుస్తకాల కాగితాలు పుల్లకి చుట్టి గొట్టాలు చేసేది అమ్మా, పిన్నులూ, మేమూ. నా గొట్టాలు బిగువుగా వస్తాయని పేరు కూడా ఉండేది. వాటిని చేటల్లో పోసి ఎండబెట్టేవాళ్ళం, పిల్లి తొక్కకుండా కాపలా కాసేవాళ్ళం. తర్వాత అవి మగవాళ్ళ చేతుల్లోకి వెళ్ళిపోయేవి. మందు కూరడం వాళ్ళ పని. పండగనాడు జువ్వ పట్టుకుని నిప్పు ముట్టించి వదలడం మా అన్నయ్యల పని. మేమో? అరుగు మీద నిలబడి చూడాలి. చేతికి కాకరపువ్వొత్తి ఇస్తే అదే గొప్ప. "పరికిణీ అంటుకుంటుంది, వెనక్కి జరుగు!" అదే మాకు దీపావళి పాట.

జాగ్రత్త చెప్పడం తప్పని నేననను. అయితే ఒక ఏడు మందు దట్టిస్తుండగా నిప్పురవ్వ లేచి చెయ్యి కాల్చుకున్నది పరికిణీ కట్టుకున్న పిల్ల కాదు, మా పెదనాన్నగారబ్బాయి. వాడి రెండు వేళ్ళు ఈ రోజుకీ పూర్తిగా ముడుచుకోవు. ఆ తర్వాత కూడా వెనక్కి జరగమన్నది మమ్మల్నే!

డిగ్రీలో నేను ఎం.పి.సి. మా ఫిజిక్స్ ల్యాబులో బ్యాచికి ముగ్గురు, ఇద్దరబ్బాయిలూ నేనూ. స్క్రూగేజి తిప్పేది వాళ్ళు, రీడింగులు రాసేది నేను. "నీ దస్తూరీ బావుంటుంది" అనేవారు. అది మెప్పనుకుని మూడేళ్ళు రాశాను. రికార్డుకి మార్కులు బాగానే వచ్చాయి. ఈనాటికీ స్క్రూగేజి తిప్పిన గుర్తు మాత్రం నా వేళ్ళకి లేదు.

*

సరే, మా అమ్మాయి సంగతికొస్తాను. నేను కసిరినా అది లేవలేదు. "మావయ్యనడిగాను, చెయ్యమన్నాడు" అంది. ఇంక నేనేం చేస్తాను, పక్కన కూచున్నాను.

ఈ రాకెట్ కట్టడం అట్టబొమ్మ అతికించడం లాంటిదే అనుకుంటే పొరపాటు. మొదట ఇంజిను కూచునే చిన్న గొట్టానికి ఇనప కొక్కెం తగిలించి, అట్ట రింగులు తొడిగి, ఆ మొత్తాన్ని పెద్ద గొట్టంలోకి దూర్చాలి. జిగురు రాసి దూరుస్తుంటే సగంలో ఆగిందో, ఇక అక్కడే బిగుసుకుపోతుంది. ముందుకీ రాదు, వెనక్కీ రాదు. ఒక్క ఊపులో తొయ్యాలి. మా అమ్మాయి ముందు జిగురు లేకుండా రెండుసార్లు దూర్చి, పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, అప్పుడు జిగురు రాసింది. అలా చెయ్యమని ఆ కాగితంలో ఉందో లేదో కానీ, గాజులు కొనేటప్పుడు ముందు ఒకటి ఎక్కించి చూసే జాతి కదా మనది!

తర్వాత రెక్కలు. మూడు రెక్కలూ గొట్టం చుట్టూ సమాన దూరంలో ఉండాలి, గొట్టానికి తిన్నగా నిలబడాలి. గుండ్రటి గొట్టం మీద తిన్నటి గీత ఎలా గీస్తారు? స్కేలు జారిపోతుంది. గొట్టాన్ని తలుపు చట్రం మూలకి ఆనించి, ఆ చట్రం అంచునే స్కేలులా వాడుకోవాలట. మా వంటింటి దర్వాజా ఇన్నాళ్ళకి పసుపు కుంకుమలకే కాకుండా ఇంకో పనికి కూడా వచ్చింది.

మొదటి రెక్క అతికిస్తుంటే కొంచెం ఒరిగింది. నా చెయ్యి ఊరుకోదు కదా! "ఇటివ్వు, నేను చేస్తా. నీకు చేతకాదు" అని లాక్కుని జిగురు దండిగా పట్టించి నిటారుగా నిలబెట్టాను. ఎంత చక్కగా వచ్చిందో అని నాలో నేనే మురిసిపోయాను. మిగతా రెండూ మా అమ్మాయి కాగితంలో రాసినట్టు చేసింది. చెక్క అంచుకి పల్చగా జిగురు రాసి, గొట్టానికి ఆనించి, తీసేసి, రెండు నిమిషాలు ఆరనిచ్చి, మళ్ళీ రాసి అప్పుడు అతికించింది. తెల్లారి లేచి చూస్తే దాని రెక్కలు రెండూ ఉన్నాయి. నాది చాప మీద పడుంది!

అది నన్ను ఒక్క మాటన్లేదు. ఆ రెక్క తీసుకుని ఎండిన జిగురు గరుకు కాగితంతో గీకేసి, మళ్ళీ రెండుసార్ల పద్ధతిలో అతికించింది. చివర్లో రెక్క మొదట్లో రెండువైపులా వేలితో జిగురు నునుపుగా పాముతారు, దాన్ని ఫిల్లెట్ అంటారట. ఫిల్లెట్ అంటే హోటలు మెనూలో చేపముక్క అని మాత్రమే తెలిసినదాన్ని నేను. మా అమ్మాయి అర్థం చెప్పింది.

ఎన్నిసార్లు మనం పిల్లల చేతిలోంచి ఇలా లాక్కుంటాం! ముఖ్యంగా ఆడపిల్లల చేతిలోంచి. ముగ్గు వంకరపోతే దిద్దనిస్తాం, చపాతీ అస్సాం మ్యాపులా వస్తే నవ్వి ఇంకో ఉండ చేతికిస్తాం. "రోజూ చేస్తే అదే వస్తుంది" అంటాం. అదే స్క్రూడ్రైవరు పట్టుకుంటే "నీకెందుకు, అన్నయ్యని పిలు" అంటాం. చపాతీకిచ్చిన ఓపిక స్క్రూడ్రైవరుకి ఎందుకివ్వం?

పారాచూటు మడతపెట్టేటప్పుడు ప్లాస్టిక్ అంటుకుపోకుండా టాల్కం పౌడరు చల్లాలి. నా పౌడరు డబ్బా సగం అయిపోయింది. అన్నీ అయ్యాక వంటింటి కాటా మీద తూస్తే మొత్తం రాకెట్టు కొంచెం అటూ ఇటూగా పాతిక గ్రాములుంది. వెయ్యడుగులు ఎగిరే వస్తువు నా చేతి గాజుల కన్నా తేలిక!

ఎగిరేముందు ఒక పరీక్ష ఉందని మా తమ్ముడు చెప్పాడు. రాకెట్టులో ఇంజిను పెట్టి, అది సరిగ్గా తూగే చోట దారం కట్టి, తల చుట్టూ గిరగిరా తిప్పాలి. ముక్కు ముందుకు పెట్టి తిరిగితే గాలిలో తిన్నగా వెళ్తుంది. తోక ముందుకొచ్చినా, పల్టీలు కొట్టినా ఎగరెయ్యకూడదు, ముక్కులో బరువు పెంచాలి. జువ్వకి అంత పొడుగు పుల్ల కట్టేదీ ఇందుకేనట. బరువు ముందుండాలి, గాలి వెనకపట్టు పట్టాలి. పుల్ల చేసే పనే ఇక్కడ రెక్కలు చేస్తాయి. అరుగు మీద నిలబడి అన్నేళ్ళు జువ్వలు చూశాను, పుల్లెందుకని ఒక్కసారీ అడగలేదు. అడిగితే చెప్పేవాళ్ళు కూడా ఉన్నారో లేదో!

మా దగ్గర ఇంజిను లేదు కదా. మా అమ్మాయి చూపుడువేలంత కాగితపు గొట్టం చుట్టి, అందులో ఇసుక పోసి, ఇంజిను బరువుకి సరిపోయేలా కాటా మీద ఇరవై నాలుగు గ్రాములు తూచి పెట్టింది. డాబా మీద నిలబడి తిప్పింది. రెండు చుట్లు తడబడి, మూడో చుట్టుకి ముక్కు ముందుకు పెట్టి బుద్ధిగా తిరిగింది. మా అత్తగారు ఎండబెట్టిన వడియాలు వదిలేసి చప్పట్లు కొట్టారు.

గొట్టం బిగువుగా చుట్టింది అది. ఆ బిగువు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

*

ఇంజిను లేదన్న కొరత మాత్రం అలాగే ఉంది. పక్కింటి బాబాయిగారు చూసి, "అమెరికా ఇంజినుదేముందమ్మా! సంక్రాంతికి మా ఊరు నుంచి జువ్వ మందు తెస్తాను, కూరితే ఎగరదూ?" అన్నారు. ఆ మాట వినగానే అంతదాకా ఇటు తొంగిచూడని మా అబ్బాయి ఒక్క గంతులో వచ్చేశాడు. మావారు కూడా "నిజమే, చూద్దాం" అన్నారు. ఇంట్లో ఉన్న మగవాళ్ళందరికీ ఒక్కసారిగా రాకెట్ మీద ఆసక్తి పుట్టుకొచ్చింది!

నేను ఒప్పుకోలేదు. మా పెదనాన్నగారబ్బాయి వేళ్ళు గుర్తొచ్చాయి. పెద్దగా అరిచి వద్దన్నాను. ఎందుకో మా తమ్ముడు తాపీగా విడమర్చి చెప్పాడు. అది మీకూ చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి సలహా ఇచ్చే బాబాయిగారు ప్రతి వీధిలోనూ ఒకరుంటారు.

ఆ ఇంజిను చూడ్డానికి ఉత్త కాగితపు గొట్టం. కింద మట్టితో చేసిన సన్నటి కంత. పైన యంత్రంతో అదిమి బిగించిన మందు. అది ఒకటి రెండు సెకన్లు మండి రాకెట్టుని పైకి తోస్తుంది. ఆ తర్వాత నిదానంగా మండే మందు ఇంకోటి, అది తొయ్యదు, పొగ మాత్రం వదులుతుంది. ఈలోగా రాకెట్టు ఆ ఊపులోనే ఇంకా పైకి పోతుంది. చివర్న చిటికెడు మందు ఠప్పున పేలి, ముక్కుని ఊడదీసి పారాచూటుని బయటికి నెడుతుంది. ఇంజిను మీద బి6-4 అని రాసి ఉంటే బి అన్నది మొత్తం శక్తికి గుర్తు. ఎ కి రెట్టింపు బి, బి కి రెట్టింపు సి. ఆరు అన్నది తోపుడు ఎంతన్నది, న్యూటన్లలో. నాలుగు అంటే పారాచూటు విచ్చుకోడానికి ముందు ఆగే సెకన్లు. ఆ లెక్క ప్రతి ఇంజినులోనూ ఒకేలా రావాలి. చేత్తో కూరిన జువ్వలో ఒకటి ఎగిరితే ఒకటి పేలుతుంది.

ఈ ఆట పుట్టిందే చేత్తో మందు కూరకుండా ఉండటానికట. 1957లో రష్యా స్పుత్నిక్‌ని పంపించాక అమెరికాలో పిల్లలందరికీ రాకెట్ల పిచ్చి పట్టింది. ఇనప గొట్టాల్లో అగ్గిపుల్లల మందూ, అదీ ఇదీ కూరి చేతులు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. అంతకు మూడేళ్ళ ముందే నెబ్రాస్కాలో చెప్పుల కొట్టు నడుపుకునే ఆర్విల్ కార్లైల్ అనే ఆయన, సోదరుడు రాబర్ట్ కోసం కాగితంతో, బెండుచెక్కతో రాకెట్టు చేశాడు. మందుని విడిగా చిన్న గొట్టంలో పెట్టి, ఎగిరాక అది మార్చి మళ్ళీ ఎగరేసేలా ఏర్పాటు చేశాడు. 1958లో కొలరాడోలో వెర్న్ ఎస్టెస్, ఆయన భార్య గ్లీడా కలిసి అలాంటి ఇంజిన్లు చేసే వ్యాపారం పెట్టారు. చేత్తో కూరక్కర్లేకుండా వాటిని తయారుచేసే యంత్రం ఆయన కట్టాడు. దానికి ఆయన పెట్టిన పేరు మేబెల్. యంత్రానికైనా ఆడపేరు దక్కింది, నయం!

నిప్పు ముట్టించడం కూడా అగ్గిపుల్లతో కాదు. ఇంజిను కంతలో సన్నటి తీగ పెట్టి, పదిహేను అడుగుల వైరు అవతల నిలబడి, తాళంలాంటి పుల్ల దూర్చి బటన్ నొక్కాలి. వెలగకపోతే ఆ పుల్ల తీసేసి ఒక నిమిషం దాకా దగ్గరికి వెళ్ళకూడదు. పరికిణీ కట్టుకున్నా, పంట్లాం వేసుకున్నా అందరికీ ఒకే దూరం! జాగ్రత్త అంటే అలా ఉండాలి.

*

జనవరిలో మా తమ్ముడు వెళ్ళేటప్పుడు, "నేను తీసుకెళ్ళి అక్కడ ఎగరేసి చూపిస్తానే" అని మా అమ్మాయి రాకెట్టుని సూట్‌కేసులో పెట్టుకున్నాడు. రెక్కలు విరక్కుండా అది తన పాత చున్నీలో చుట్టి ఇచ్చింది.

మార్చి నెలాఖర్లో వీడియో పంపాడు. వాళ్ళ ఊరు డాలస్ దగ్గర. ఓ బడి మైదానం, దూరంగా నీళ్ళ ట్యాంకు, పొట్టి స్టాండు మీద మా రాకెట్టు. వైరు చివర మా మేనల్లుడు, తొమ్మిదేళ్ళవాడు. ఇంగ్లీషులో అయిదు నుంచి వెనక్కి లెక్కపెట్టి బటన్ నొక్కాడు. బుస్సుమంది. అంతే, స్టాండు మీద ఏమీ లేదు! ఫోను పైకి తిప్పేసరికి తెల్లటి పొగ గీత, దాని కొసన ఒక చుక్క. నాలుగైదు సెకన్లయ్యాక నారింజరంగు పారాచూటు విచ్చుకుంది. మా మేనల్లుడు పరిగెత్తి పట్టుకున్నాడు.

ఇంట్లో అందరం కేకలు పెట్టాం. మావారు ఆఫీసు గ్రూపులో పెట్టేశారు. మా అమ్మాయి మూడుసార్లు చూసింది. నాలుగోసారి పెట్టకుండా ఫోను కింద పెట్టి అడిగింది.

"బటన్ వాడెందుకు నొక్కాడు?"

"అక్కడున్నది వాడే కదే. నువ్వు చేసింది పైకెళ్ళింది కదా, సంతోషించు" అన్నాను.

"ముందే చెబితే వీడియోకాల్లో నేను లెక్కపెట్టేదాన్నిగా. మూడు, రెండు, ఒకటి అని నేననేదాన్నిగా."

ఏం చెప్పను? వాళ్ళ శనివారం ఉదయం పదంటే మనకి రాత్రి ఎనిమిదిన్నర. పిల్లలు పడుకునే వేళ కూడా కాదు. ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. మా తమ్ముడు చెడ్డవాడు కాదు, మేనకోడలంటే ప్రాణం. నేను ఆ మాట చెబితే కాసేపు మాట్లాడకుండా, "తట్టలేదక్కా" అన్నాడు. అదే నా బాధ. వాడికి తట్టలేదు. నాకూ తట్టలేదు. ముప్ఫయ్యేళ్ళ కిందట మా తాతగారింట్లో ఎవరికీ తట్టలేదు. గొట్టాలు చుట్టిన చేతులకి అగ్గిపుల్ల ఇవ్వాలని ఎవరికీ తట్టదు. అందులో దుర్మార్గం ఏమీ ఉండదు, అలవాటు ఉంటుంది. దుర్మార్గమైతే పోట్లాడొచ్చు, అలవాటుతో ఎలా పోట్లాడతాం చెప్పండి?

2014లో మంగళయాన్ గమ్యం చేరిన రోజున పట్టుచీరలు కట్టుకుని, జడలో పూలు పెట్టుకున్న ఇస్రో మహిళలు నవ్వుతున్న ఫోటో అన్ని పేపర్లలోనూ వచ్చింది. నేనూ కత్తిరించి బీరువా తలుపు లోపల అంటించుకున్నాను. చంద్రయాన్-2 కి ప్రాజెక్ట్ డైరెక్టర్ వనిత గారు, మిషన్ డైరెక్టర్ రీతూ కరిధాల్ గారు అని చదివి పొంగిపోయాను. శ్రీహరికోట నుంచి ఏళ్ళ తరబడి మనం టీవీలో విన్న కౌంట్‌డౌన్ గొంతు వలర్మతి గారిది. 2023లో ఆమె పోయారని చదివి, ముఖం ఎరగని మనిషి కోసం కళ్ళు తుడుచుకున్నాను. అంత అభిమానం ఉన్నదాన్ని, మా అమ్మాయి చాప పరిచి కూచుంటే "అది అన్నయ్యది" అన్నాను. ఆ ఫోటో బీరువా తలుపు మీద ఉంది, కిట్టు ఫ్రిజ్ మీద ఉంది. మధ్యలో ఉన్న పదడుగులూ నేనే.

ఆడపిల్లలందరికీ రాకెట్ కిట్లు కొనమని కాదు నేననేది. మా అమ్మాయి సైంటిస్టు అవ్వాలని కూడా కాదు, రేపు డాన్సు నేర్చుకుంటానంటే నేర్పిస్తాను. పుట్టినరోజుకి కానుక కొనేటప్పుడు కొట్టువాడు "బాబా, పాపా?" అనడిగితే ఒక్క క్షణం ఆగండి అంటున్నాను. ఇంట్లో మిక్సీ ప్లగ్గు ఊడితే అబ్బాయినే పిలవకండి అంటున్నాను. అది మొదలుపెట్టిన పని అదే ముగించనివ్వండి, చివరి మీట కూడా దాన్నే నొక్కనివ్వండి. మీట మీద చెయ్యి లేకుండా చేసిన పనికి ఓర్పు అని పేరు పెడతారు మనకి. దాంతో కడుపు నిండదు.

నష్టపోయింది అదొక్కతే కాదు, మా అబ్బాయి కూడా. వాడికి బటన్ అంటే ఇష్టం, జిగురు ఆరేదాకా కూచోవడం రాదు. నేర్పలేదు కాబట్టి రాదు. చిన్నప్పటి నుంచీ వాడి ముందుకి ఎగరడానికి సిద్ధంగా ఉన్నవే తెచ్చి పెట్టాం మరి!

*

మే సెలవుల్లో మా అమ్మాయి ఇంకో రాకెట్టు మొదలెట్టింది. నిప్పూ లేదు, మందూ లేదు. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా. మూడో వంతు నీళ్ళు. సైకిలు కొట్లో అడిగి తెచ్చుకున్న ట్యూబు వాల్వు, దాన్ని బిగించిన రబ్బరు బిరడా. సీసా తలకిందులుగా నిలబెట్టి సైకిలు పంపుతో గాలి కొడితే, లోపల ఒత్తిడి పెరిగి బిరడా ఊడి, నీళ్ళు కిందకి చిమ్మి సీసా పైకి లేస్తుంది. కూల్‌డ్రింకు సీసా అయితేనే ఆ ఒత్తిడికి తట్టుకుంటుందట, గాజుసీసా పనికిరాదు, మంచినీళ్ళ పల్చటి సీసా కూడా వద్దట. పంపు గొట్టం పొడుగ్గా ఉండాలి, సీసా మీదకి ఎవరూ వంగకూడదు. ఈ షరతులన్నీ అదే చెప్పి, అట్ట రెక్కలు టేపుతో అంటించి, దారం కట్టి తిప్పి కూడా చూసుకుంది.

మొదటిసారి బిరడా ముందే ఊడి బాబాయిగారి తెల్లచొక్కా తడిసింది. ఆయనకి అలా జరగాల్సిందే! రెండోసారి పంపు పదిహేనుసార్లు కొట్టింది. నేను మనసులో వెనక్కి లెక్కపెడుతున్నాను, అది పైకే లెక్కపెడుతోంది, తెలుగులో. సీసా ఒక్క ఉదుటున లేచి మా రెండంతస్తుల డాబా దాటి, ఎదురింటి కొబ్బరిచెట్టు మొవ్వులో పడింది. చెట్టు దింపులవాడు వచ్చేదాకా అక్కడే ఉంది.

ఇంకో సీసాకి రెక్కలు కడుతుంటే మా అబ్బాయి వచ్చి పక్కన కూచున్నాడు.

"ఒక్కసారి నేను పంపు కొడతానే!"

అది తలెత్తకుండానే కత్తెరా, అట్టముక్కా వాడి ముందుకి తోసింది. "ముందు నువ్వో సీసా చేసుకో."